లేని కాలి వేళ్లు మండుతున్నాయంటున్నాడు మా నాన్న. పెట్టుడు కాలు వేసుకోనంటున్నాడు. ఏం చేయాలి?

పెదకాకాని అబ్బాయి
అందరికీ నమస్కారం. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా చేసేవాడు. షుగర్ ఎప్పటినుంచో ఉంది. బొటనవేలి పుండు మానక, కుళ్లు పైకి పాకితే నిరుడు కుడికాలు మోకాలి కింద తీసేశారు. కుట్లు మానాయి. ఒక క్యాంపులో కాలు కూడా ఇచ్చారు.

ఇప్పుడు రెండు బాధలు. రాత్రయితే లేని కాలి వేళ్లు మండుతున్నాయంటాడు, చిటికెనవేలు ఎవరో మెలిపెడుతున్నట్టు ఉందంటాడు. లేచి కూర్చుని ఆ వేళ్లు ఉండాల్సిన చోట పరుపును నిమురుతుంటాడు. రెండోది, ఆ కాలు వేసుకుంటే నొప్పి ఎక్కువవుతోందని దాన్ని తలుపు వెనక పెట్టేశాడు.

తీసేసిన కాలిని ఆసుపత్రి వాళ్లు ఎలా పూడ్చారో ఏమో, వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి, శాంతి చేయించండని మా మేనత్త పోరుతోంది. చూపించిన చోట డ్యూటీ డాక్టరేమో "కాలే లేనప్పుడు నొప్పేంటి పెద్దాయనా, అంతా నీ మనసులోదే" అన్నారు. ఆ మాట నాన్నకి బాగా తగిలింది. అప్పట్నుంచి నొప్పి ఊసే ఎత్తట్లేదు, రాత్రిపూట మూలుగు మాత్రం వినబడుతోంది. మీలో ఎవరికైనా ఇలా ఉందా?

ఆటోనగర్ లేత్
తమ్ముడూ, ముందు మీ నాన్నగారి పక్కన కూర్చుని ఆ నొప్పి నిజమేనని చెప్పు. మిగతావన్నీ తర్వాత.

నాది ఎడమకాలు, మోకాలి పైన తీశారు. లారీ ప్రమాదం. బెజవాడ ఆటోనగర్లో లేత్ షెడ్డు నాది, ఇప్పటికీ నడుపుతున్నాను. నాకు మంట కాదు, పిక్క పట్టేసేది. లేని పిక్క! చాపుదామంటే చాపడానికి కాలు లేదు. ఇంకో వింత కూడా చెబుతాను, మీ నాన్నకీ ఉండొచ్చు, చెప్పడానికి మొహమాటపడుతుండొచ్చు. మొదట్లో పూర్తి కాలు ఉన్నట్టే అనిపించేది. పోనుపోను పాదం పైకి జరుగుతూ వచ్చి, ఇప్పుడు స్టంపు, అంటే తీసేయగా మిగిలిన కాలి భాగం, దాని చివరే అతుక్కున్నట్టు ఉంటుంది. పిచ్చి పడుతోందేమోనని భయపడ్డాను. ఇలా ముడుచుకుపోయినట్టు అనిపించడం చాలామందిలో ఉండేదేనని తర్వాత తెలిసింది.

ఇంకో ముఖ్యమైన మాట. రాత్రి ఒంటికి లేస్తే కాలు ఉందనుకుని దించేస్తాం. నేను అలాగే పడ్డాను, స్టంపు నేలకు కొట్టుకుంది. మంచం పక్కనే చేతికందేలా వాకర్ పెట్టండి. చిన్న లైటు వెలుగుతూ ఉండాలి.

బ్రాడీపేట ఫిజియో
పై అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ నొప్పిని ఫాంటమ్ లింబ్ పెయిన్ అంటారు. అవయవం తీసేసినవాళ్లలో సగం మందికి పైగానే ఏదో ఒక దశలో వస్తుంది. కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. ఫ్రాన్సులో అంబ్రోజ్ పారే అనే సర్జన్ 16వ శతాబ్దంలోనే దీని గురించి రాశాడు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులకు వైద్యం చేసిన వీర్ మిచెల్ 1871లో దీనికి ఆ పేరు పెట్టాడు.

కారణం నాకు అర్థమైనట్టు చెబుతాను. కాలి వేళ్లనుంచి వచ్చే కబురు అందుకోవడానికి మెదడులో ఒక చోటు ఉంటుంది. సర్జన్ కాలు తీస్తాడు గానీ ఆ చోటును తీయడు కదా. పులిచింతల ముంపులో ఊరు మునిగిపోయినా పోస్టాఫీసులో ఆ ఊరి ఉత్తరాల అర అలాగే మిగిలినట్టు. అందులో ఏ ఉత్తరం పడ్డా ఆ ఊరిదేననుకుంటారు. తెగిన నరాల కొసలేమో ఊరుకోవు, వాటంతట అవే సంకేతాలు పంపుతుంటాయి. వెన్నుపాము వాటిని ఇంకాస్త పెంచుతుంది. మెదడుకు చేరేసరికి అది వేళ్ల మంటగానే తెలుస్తుంది. ఆపరేషన్‌కు ముందు చాలాకాలం నొప్పి అనుభవించినవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మీ నాన్నగారు పుండుతో నెలల తరబడి బాధపడి ఉంటారు. ఆ పాత నొప్పే ఇప్పుడూ తెలుస్తుండొచ్చు.

మీ మేనత్తగారిని తప్పుపట్టకండి. ఆవిడకు తెలిసిన దారి అది. శాంతి చేయిస్తే పెద్దాయన మనసు కుదుటపడుతుందనుకుంటే చేయించండి, వైద్యం మాత్రం ఆగకూడదు.

మీ పోస్టులో రెండు మూడు నొప్పులు కలిసిపోయాయని నా అనుమానం. విడదీసి అడగండి. లేని భాగంలో వచ్చేది ఫాంటమ్. ఉన్న స్టంపులోనే వచ్చేది వేరు. ఒకచోట వేలితో తడితే షాక్ కొట్టినట్టు జివ్వుమంటే, తెగిన నరం కొస ఉండకట్టి ఉండొచ్చు, దాన్ని న్యూరోమా అంటారు. ఎర్రబడి, వేడిగా ఉండి, చీము పడుతుంటే ఇన్ఫెక్షన్, ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఇక కాలు వేసుకుంటే వచ్చి విప్పితే తగ్గేది సాకెట్ నొప్పి, సాకెట్ అంటే పెట్టుడు కాలిలో స్టంపు దూర్చే గిన్నెలాంటి భాగం. మూడింటికీ వైద్యం వేరు. అన్నీ కలిపి "కాలు నొప్పి" అంటే డాక్టరు కూడా ఏమీ చేయలేరు.

కృష్ణలంక అమ్మాయి
నాకు పోయింది కుడిచెయ్యి, మోచేతి కింద. ప్రెస్సులో మిషన్లో పడింది. అందుకే కాలి సంగతి చెప్పలేను గానీ అద్దం సంగతి చెప్పగలను.

నా లేని చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించి ఉండేది. గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నట్టే ఉండేది. తెరవాలంటే తెరుచుకోదు. ఒక ఫిజియో మేడమ్ నిలువుటద్దం తెచ్చి నా ఎదుట నిలబెట్టి, ఎడమచెయ్యి అద్దం ముందు, స్టంపు అద్దం వెనక పెట్టమన్నారు. అద్దంలో చూస్తే రెండు చేతులూ ఉన్నట్టే. రెండు పిడికిళ్లూ బిగించి మెల్లగా తెరవమన్నారు. ఆ కుడిచెయ్యి తెరుచుకోవడం చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. మొదటిసారే నొప్పి పోలేదు. రోజూ చేస్తుంటే పట్టు వదిలింది. ఇప్పుడూ అప్పుడప్పుడూ వస్తుంది, అయితే తెరవగలనని తెలుసు కాబట్టి భయం లేదు.

దీన్ని కనిపెట్టింది మనవైపు ఆయనే. వి.ఎస్. రామచంద్రన్, తమిళనాడులో పుట్టి చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివారు. 1990లలో అమెరికాలో ఉండగా అద్దం పెట్టెతో ఈ ప్రయోగాలు చేశారు.

బ్రాడీపేట ఫిజియో
కాలికి కూడా పనిచేస్తుంది. అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో కాలు పోయినవాళ్ల మీద చేసిన చిన్న పరిశోధన 2007లో వచ్చింది. 22 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి అద్దం, కొందరికి గుడ్డ కప్పిన అద్దం, కొందరికి కళ్లు మూసుకుని ఊహించుకోవడం. రోజుకు 15 నిమిషాలు, 4 వారాలు. అద్దంలో చూసినవాళ్లకు నొప్పి బాగా తగ్గింది, మిగతా రెండు గుంపుల్లో అలా తగ్గలేదు. అందరికీ పనిచేస్తుందని చెప్పను. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఏమీ తేడా తెలియనివాళ్లున్నారు. ఖర్చు లేదు, హాని చాలా తక్కువ, కాబట్టి ప్రయత్నించాల్సిందే.

మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టండి. పొడవాటి అద్దాన్ని రెండు కాళ్ల మధ్య నిలువునా పెట్టండి, మెరుపు వైపు మంచి కాలివైపు ఉండాలి. స్టంపు అద్దం వెనక కనబడకుండా ఉండాలి. అద్దంలోకి చూస్తూ చీలమండ తిప్పడం, వేళ్లు విప్పడం, ముడవడం. లేని వేళ్లతో కూడా అదే చేస్తున్నట్టు మనసులో అనుకోవాలి. కళ్లు తిరిగినా, నొప్పి పెరిగినా, దుఃఖం ముంచుకొచ్చినా ఆపేయండి. మొదటి కొన్నిసార్లు ఫిజియో పక్కన ఉంటే మంచిది.

సత్తెనపల్లి పెద్దాయన
నేను కొంచెం వేరే మాట చెబుతాను, ఏమనుకోవద్దు. నాకూ షుగరే, మోకాలి పైన తీశారు. నాకూ క్యాంపులో కాలిచ్చారు. పొద్దున కొలత తీసుకుని సాయంత్రానికి తగిలించి పంపారు. ఇంటికొచ్చాక నెల తిరగకముందే లూజైంది, గజ్జల్లో ఒరుసుకుని పుళ్లు పడ్డాయి. ఎవరికి చెప్పుకోవాలి? క్యాంపు ఎత్తేశారు. అప్పట్నుంచి చంక కర్రలే. ఇంట్లో తిరుగుతాను, అరుగు మీద కూర్చుంటాను, నా పని నాకు జరుగుతోంది. పెట్టుడు కాలు వేసుకుంటేనే మనిషి అన్నట్టు మాట్లాడొద్దు. ఆ పిల్లాడి తండ్రి వద్దంటే వదిలేయండి.

కొలతల మనిషి
పెద్దాయన గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. నేను ఈ కాళ్లు తయారుచేసే పనిలోనే ఉన్నాను, ప్రోస్థెటిస్టుని, కాబట్టి వివరంగా చెబుతాను.

ఆపరేషన్ అయిన మొదటి ఏడాది స్టంపు తగ్గుతూనే ఉంటుంది. వాపు పోతుంది, కండ కరుగుతుంది. ఆ సమయంలో చేసిన సాకెట్ కొన్ని నెలలకు లూజవడం ఖాయం. అది కాలు చెడిపోవడమూ కాదు, మనిషి తప్పూ కాదు. అందుకే కాలు ఇచ్చాక మళ్లీ మళ్లీ చూసే మనిషి ఉండాలి. కాలు ఇవ్వడం సగం పనే. ఆ రెండో సగం మన దగ్గర జరగట్లేదు. కాళ్లు తలుపుల వెనకకు పోవడానికి పెద్ద కారణం అదే.

పెదకాకాని తమ్ముడికి: మోకాలి కింద సాకెట్లో బరువు స్టంపు కొస మీద పడకూడదు. ఎక్కువ భాగం మోకాలి చిప్ప కింద ఉండే గట్టి తాడులాంటి పట్టీ మీద, చుట్టూ కండ మీద పడేలా చేస్తాం. స్టంపు తగ్గితే కాలు లోపలికి జారి, కొస అడుగుకు తగులుతుంది. ఆ కొసలోనే తెగిన నరాలు ఉంటాయి. దాంతో ఫాంటమ్ నొప్పి కూడా రేగుతుంది. "వేసుకుంటే నొప్పి ఎక్కువ" అనడానికి ఇదే కారణం కావచ్చు. కాలు విప్పగానే స్టంపు చూడండి. ఎరుపు పది నిమిషాల్లో పోతే ఫర్వాలేదు. అలాగే ఉంటే, కొసమీద ఉంటే, ఎముక పొడుచుకొచ్చిన చోట ఉంటే సాకెట్ సరిగ్గా లేనట్టు.

చాలామందికి ఎవరూ చెప్పని విషయం సాక్సులు. స్టంపు సాక్సులు మందాన్ని బట్టి 1 ప్లై, 3 ప్లై, 5 ప్లై అని దొరుకుతాయి. పొద్దున వేసుకున్నప్పుడు బిగుతుగా ఉన్నది మధ్యాహ్నానికి లూజవుతుంది, అప్పుడు ఒకటి కలపాలి. కలుపుతూ కలుపుతూ పది పదిహేను ప్లై దాకా పోతే ఇక కొత్త సాకెట్ కావాల్సిందే. మొత్తం కాలు మార్చక్కర్లేదు, చాలాసార్లు సాకెట్ మారిస్తే చాలు.

కాలు వేసుకోని వేళల్లో, ముఖ్యంగా రాత్రి, క్రేప్ బ్యాండేజ్ ఎనిమిది అంకె ఆకారంలో కట్టాలి. కొస దగ్గర బిగుతు, పైకి వచ్చేకొద్దీ వదులు. తిరగేసి కడితే వాపు కొసకు దిగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, రక్తప్రసరణ తక్కువగా ఉన్నవాళ్లకు ఎంత బిగించాలో కట్టేవాళ్ల దగ్గర కళ్లారా చూసి నేర్చుకోండి. మోకాలి కింద దిండు పెట్టకండి. హాయిగా ఉంటుంది, నిజమే, అయితే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతే తర్వాత ఏ కాలూ పట్టదు.

కొలత తీసేవాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడగడం మీ హక్కు.

కొల్లిపర రైతు
జైపూర్ కాలు గురించి ఎవరూ రాయలేదేంటి? నాకు మోకాలి కింద అదే ఉంది. వరి పొలంలో దిగుతాను, గట్ల మీద నడుస్తాను, బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చుంటాను. షూ అక్కర్లేదు. దాన్ని 1968లో జైపూర్లో డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ అనే శిల్పి కలిసి చేశారట. ఆయన పెద్ద చదువులు చదివిన మనిషి కాదు, చేతిపనివాడు. రబ్బరు పాదం ఆలోచన ఆయనది. నాట్యం చేసే సుధా చంద్రన్ వేసుకున్నదీ అదే. ఖరీదైన విదేశీ కాలు కొనలేదని బాధపడేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

ఒక జాగ్రత్త. మిగిలిన కాలి మీద కన్నేసి ఉంచండి. బరువంతా దాని మీదే. షుగర్ వల్ల స్పర్శ ఉండదు. మే నెలలో దుర్గమ్మ కొండ మీద రాతి నేల మీద ఒట్టి కాళ్లతో నడిచి, పాదం కాలిందని ఇంటికొచ్చేదాకా తెలియని మనిషిని నేను చూశాను. ఎండ ఎక్కకముందే దర్శనం చేసుకోండి. రోజూ రాత్రి పాదం కింద అద్దం పెట్టి చూసుకోమనండి.

పెదకాకాని అబ్బాయి
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరివీ నాన్నకు చదివి వినిపించాను. లేత్ షెడ్డు అన్న రాసింది విని, "ఇంకొకరికి కూడా ఉందా" అన్నాడు. చాలాసేపు మాట్లాడాడు. చాలా నెలల తర్వాత.

విడదీసి అడిగితే తేలినవి ఇవి. మంట ఎక్కువగా రాత్రి, మబ్బు పట్టినప్పుడు. కాలు వేసుకుంటే స్టంపు కొస కింద తగులుతోంది, విప్పాక అరగంటకు కూడా ఎర్రగానే ఉంది. సాక్సు ఒక్కటే ఇచ్చారు. ఇంకోటి, ఇక్కడ రాయమని నాన్నే అన్నాడు కాబట్టి రాస్తున్నాను: విరేచనానికి కూర్చున్నప్పుడు ఆ లేని పాదంలో నొప్పి జిల్లున పైకి లేస్తుందట. ఇది కూడా దీనికి సంబంధించిందేనా?

బ్రాడీపేట ఫిజియో
అవును, సంబంధించిందే. మీ నాన్నగారు చెప్పడం చాలా మంచిదైంది, సిగ్గుతో ఎవరూ చెప్పరు. మల మూత్ర విసర్జన, దగ్గు, ఆందోళన, వాతావరణం మారడం, ఇవన్నీ ఫాంటమ్ నొప్పిని రేపుతాయి. మెదడు పటంలో పాదం చోటు, మర్మాంగాల చోటు పక్కపక్కనే ఉంటాయి. మలబద్ధకం లేకుండా చూడండి, నీళ్లు, పీచు ఉన్న తిండి. కిడ్నీ సమస్య ఉంటే నీళ్లు ఎంతో డాక్టర్ని అడగండి.

స్టంపుకు స్పర్శ అలవాటు చేయండి. పుండు పూర్తిగా మానింది కాబట్టి పట్టుగుడ్డతో మొదలుపెట్టి, నూలుగుడ్డ, తువ్వాలు, ఇలా మెల్లగా గరుకు పెంచుతూ రుద్దడం. వేళ్లతో తట్టడం. ఎర్రబడేలా రుద్దకండి.

వార్డు సిస్టర్, గుంటూరు
మందుల గురించి అడగకముందే చెబుతున్నాను. మెడికల్ షాపులో "నరాల నొప్పి బిళ్ల" అని అడిగి తెచ్చుకోవద్దు. మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు, పైగా షుగర్ ఉన్నవాళ్లు బ్రూఫెన్ లాంటివి రోజూ వేసుకుంటే కిడ్నీలకు ప్రమాదం. డాక్టర్లు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి మగతే మిగులుతుంది. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ డోసు కిడ్నీ పనితీరును బట్టి తగ్గించాలి, క్రియాటినిన్ రిపోర్టు తప్పకుండా తీసుకెళ్లండి. అమిట్రిప్టిలిన్ వల్ల పెద్దవాళ్లకు మూత్రం బిగపట్టడం, నోరు ఎండిపోవడం ఉంటుంది. గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. మగతలో లేచి పడిపోయే ప్రమాదం ఉంది, ఒంటికాలి మనిషికి అది మామూలు విషయం కాదు. బాగుందని ఒక్కసారిగా మానేయకూడదు, మెల్లగా తగ్గించాలి.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజికల్ మెడిసిన్ విభాగం, దాన్నే పీఎంఆర్ అంటారు, ఉందేమో అడిగి ఆ ఓపీకి వెళ్లండి. "మనసులోది" అనేవాళ్ల దగ్గర సమయం వృథా చేసుకోవద్దు.

సత్తెనపల్లి పెద్దాయన
సాక్సుల లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో. ఇప్పుడు నా వయసుకు, మోకాలి పైన తీసిన కాలితో మళ్లీ నేర్చుకునే ఓపిక లేదు. నా మాట వెనక్కి తీసుకోను. ఆ పిల్లాడి తండ్రికి మోకాలు మిగిలింది కాబట్టి ఒకసారి మంచి సాకెట్‌తో చూడమంటాను.

కొలతల మనిషి
మోకాలు మిగలడం చాలా పెద్ద తేడా. మోకాలి పైన తీసినవాళ్లకు నడవడానికి శ్రమ చాలా ఎక్కువ, గుండె బలం కూడా చూసుకోవాలి. మీరు కర్రలు ఎంచుకోవడం సరైనదే పెద్దాయన గారూ. బరువు చంకల మీద వేయకండి, అరచేతుల మీద వేయండి. చంకలో నరం నొక్కుకుని చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

పెదకాకాని అబ్బాయి
పీఎంఆర్ ఓపీలో చూపించాం. న్యూరోమా లేదన్నారు. సాకెట్ మార్చాలని రాశారు, తక్కువ డోసులో మాత్ర మొదలుపెట్టారు. అక్కడి డాక్టరమ్మ నాన్నతో "వేళ్లు ఎలా ఉన్నాయి, ముడుచుకున్నాయా, చాచుకున్నాయా" అని అడిగారు. నాన్న నా వైపు చూశాడు, ఆవిడ నమ్మిందని.

అద్దం మొదటిరోజు వద్దన్నాడు, చూడలేకపోయాడు. ఇప్పుడు మేనత్తే పట్టుకుని కూర్చుంటోంది. శాంతి కూడా చేయించింది. మంట పోలేదు, కాకపోతే నిద్ర పడుతోంది. కొత్త సాకెట్‌తో వరండా చివరి దాకా నడుస్తున్నాడు. లేని పాదం ఆ రబ్బరు పాదంలోకి దిగి కూర్చున్నట్టు ఉందంటున్నాడు. ఇది మంచికేనా?

ఆటోనగర్ లేత్
మంచికే తమ్ముడూ. నాకు అలా అనిపించిన రోజు నుంచే కింద చూడకుండా నడవగలిగాను.

కృష్ణలంక అమ్మాయి
వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ తీసుకున్నారా? 40 శాతం పైన వైకల్యం ఉంటే పెన్షన్‌కు అర్హత ఉంటుంది. 2024 నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు. దానితోపాటు యూడీఐడీ కార్డుకు, అంటే కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, కూడా పెట్టండి. దివ్యాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రం అడిప్ పథకంలో, కాన్పూర్‌లో ఉన్న అలింకో అనే ప్రభుత్వ సంస్థ ద్వారా అవి ఇస్తారు, సాకెట్ మళ్లీ మార్చాల్సి వచ్చినప్పుడు కాగితాలు సిద్ధంగా ఉంటే తిరుగుడు తగ్గుతుంది.

పెదకాకాని అబ్బాయి
సదరం స్లాట్ బుక్ చేశాం అక్కా. చివరిగా ఒకటి. ఎండలు మొదలయ్యాయి, సాకెట్లో చెమట పట్టి జారుతోందంటున్నాడు. పౌడర్ వేయొచ్చా?

కొలతల మనిషి
పౌడర్ వద్దు, చెమటతో కలిసి ఉండలు కట్టి ఒరుస్తుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు కాలు విప్పి, స్టంపు తుడిచి ఆరనిచ్చి, పొడి సాక్సు మార్చమనండి. నూలు సాక్సులు కనీసం మూడు జతలు ఉంచండి. లైనర్ (స్టంపుకు వేసే మెత్తటి తొడుగు) ఉంటే రోజూ రాత్రి తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరేయాలి, ఎండలో వద్దు. స్టంపు కూడా రాత్రిపూటే కడగాలి. పొద్దున కడిగి వెంటనే వేసుకుంటే తడికి చర్మం మెత్తబడి చిట్లుతుంది. స్టంపు మీద వెంట్రుకలు గీయించొద్దు, మొదళ్లలో చీము పొక్కులు వస్తాయి. పొక్కు కనిపిస్తే మానేదాకా కాలు వేసుకోవద్దు, ఆ రోజులకు వాకర్ వాడమనండి.